గోధుమ వైరస్‌లకు గడ్డి జాతుల ఆశ్రయం: ఏ గడ్డిని చంపాలి, దేన్ని వదిలేయాలి?

అమెరికాలోని పశ్చిమ కాన్సస్‌లో ఒక గోధుమ సాగుదారు దగ్గర పంట పర్యవేక్షకుడిగా కొత్తగా చేరిన మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. కోత ముగిశాక పొలంలోను, గట్ల మీద, రోడ్డు వారన ఉన్న గడ్డినంతా కలుపు మందుతో చంపకపోతే వచ్చే పంటకు వైరస్ తెగులు తప్పదని అక్కడివారు అంటున్నారు. అది నిజమేనా, నిజమైతే ఏ గడ్డి వల్ల, మన అనంతపురంలో వేరుశనగకు కాండం కుళ్లు వైరస్ వచ్చినప్పుడు వయ్యారిభామను పీకించినట్టే ఇక్కడ కూడా చేయాలా అన్నది మీ సందేహం. వారి మాట సగమే నిజం. చంపి తీరవలసిన గడ్డి ఒకటుంది, కానీ దాన్ని చాలామంది గడ్డిగా లెక్క వేయరు. కోతలో రాలిన గింజల నుంచి తనంతట తాను మొలిచే గోధుమే అది. అక్కడ దాన్ని వాలంటీర్ గోధుమ అంటారు. మిగతా గడ్డి జాతుల్లో కొన్నింటిని మాత్రం గమనించుకోవాలి, చాలా వాటి జోలికి పోనవసరం లేదు.

ఒక గడ్డి జాతికి వైరస్ సోకుతుందని ఏదో జాబితాలో కనిపించినంత మాత్రాన అది మీ పొలానికి ముప్పు అని చెప్పలేము. గాజు ఇంట్లో తెగులు ఆకు రసాన్ని చేత్తో పూస్తే వైరస్ పట్టుకునే గడ్డి జాతులు చాలా ఉన్నాయి. ఆ జాబితాలు చూసి కనిపించిన పచ్చని మొక్కనల్లా అనుమానించేవారిని నేను ఎందరినో చూశాను. పొలంలో లెక్కకు వచ్చే విషయం వేరు. ఆ గడ్డిలో వైరస్ వృద్ధి చెందాలి. వైరస్‌ను మోసే జీవి కూడా అదే గడ్డి మీద సంతానం పెంచుకోవాలి. పైగా పాత పంట ఎండిపోయిన రోజు నుంచి కొత్త పంట మొలిచే రోజు వరకు, అంటే పశ్చిమ కాన్సస్‌లో జూలై మొదలుకొని సెప్టెంబరు చివరి దాకా, ఆ గడ్డి పచ్చగా నిలిచి ఉండాలి. ఈ మూడూ ఒకే మొక్కలో కలిస్తేనే తెగులు ఒక పంట నుంచి మరో పంటకు దాటుతుంది. గ్రీన్ బ్రిడ్జి అని అక్కడి రైతులు అనేది దీన్నే.

మీ ప్రాంతంలో ప్రధానంగా భయపడవలసినది వీట్ స్ట్రీక్ మొజాయిక్ వైరస్. ఆకు పొడవునా తెగిపోతూ సాగే పసుపు చారలు దీని గుర్తు. నెబ్రాస్కాలో 1922లోనే గమనించిన ఈ తెగులుతో పాటు, 1993లో బయటపడిన హై ప్లెయిన్స్ వీట్ మొజాయిక్ వైరస్, 2006లో కాన్సస్‌లోనే మొదటిసారి గుర్తించిన ట్రిటికమ్ మొజాయిక్ వైరస్ ఇప్పుడు తరచు ఒకే మొక్కలో జతగా కనిపిస్తున్నాయి. రెండు వైరస్‌లు కలిసి సోకిన మొక్కకు నష్టం మరింత ఎక్కువ. ఈ మూడింటినీ మోసేది ఒకే నల్లి. దాన్ని ఆకుచుట్టు నల్లి అని పిలుద్దాం. ఈ నల్లి ద్వారానే వైరస్ వ్యాపిస్తుందని 1950లలో కెనడాలోని అల్బెర్టాలో జరిగిన పరిశోధనల్లో తేలింది.

ఈ నల్లిని మీ కళ్లతో ఒకసారి చూడకుండా దీని గురించి ఎంత చదివినా లాభం తక్కువ. దాని పొడవు దాదాపు పావు మిల్లీమీటరు; కంటికి కనపడదు. కనీసం పది రెట్లు, వీలైతే ఇరవై రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం జేబులో పెట్టుకోండి. వాలంటీర్ గోధుమ మొక్కలో అన్నింటికన్నా లేత ఆకును, ముఖ్యంగా అంచు లోపలికి చుట్టుకున్న ఆకును ఎంచుకుని, వేలితో మెల్లగా విప్పి, ఎండ పడేలా వంచి పట్టుకుని, పై తలంలో ఈనెల మధ్య ఉండే గాడిలోకి చూడండి. తెల్లగా, సన్నగా, పొగాకు చుట్టలాంటి ఆకారంలో, తల దగ్గర మాత్రమే రెండు జతల కాళ్లతో బద్ధకంగా కదిలేవి నల్లులు. వాటి మధ్య పారదర్శకమైన చుక్కల్లా కనిపించేవి గుడ్లు. కొత్త ఆకు కొన పాత ఆకు చుట్టలో ఇరుక్కుని మొక్క విల్లులా వంగి ఉంటే అక్కడ నల్లి ఉండే అవకాశం ఎక్కువని అనుభవం మీద చెప్పగలను. దుమ్ము రేణువును చూసి నల్లి అనుకోవడం మొదట్లో అందరికీ జరిగేదే, కాబట్టి కదలిక కనిపించే దాకా చూపు తిప్పకండి.

దీనికి రెక్కలు లేవు. ఆశ్రయమిచ్చిన మొక్క ఎండిపోతున్నప్పుడు నల్లులు ఆకు కొనకో, వెన్ను మీది మీసాల చివరకో చేరి, తోక మీద నిటారుగా నిలబడి గాలి కోసం చూస్తాయి. గాలి ఎటు తీసుకుపోతే అటు పోతాయి. పచ్చని మొక్క దొరకకపోతే వేసవి ఎండలో ఒకటి రెండు రోజులకు మించి బతకలేవు. దొరికితే మాత్రం వెచ్చని వాతావరణంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం పది రోజులు చాలు.

మీ ప్రశ్నకు అసలు సమాధానం నల్లి జీవితంలోని ఒక చిన్న వివరంలో ఉంది. వైరస్ గుడ్ల ద్వారా తల్లి నుంచి పిల్లకు రాదు. రోగమున్న మొక్కను తింటూ పెరిగే పిల్ల నల్లి మాత్రమే వైరస్‌ను గ్రహించగలదు; ఒకసారి గ్రహించాక అది కుబుసం విడిచి పెద్దదైనా వైరస్‌ను వ్యాప్తి చేస్తూనే ఉంటుంది. పెద్ద నల్లి ఆరోగ్యమైన మొక్క మీద పెరిగి వచ్చి రోగమున్న మొక్క మీద వాలితే, దానికి వైరస్ అంటదు. దీని అర్థం ఏమిటంటే, ఒక గడ్డి మొక్క నిండా వైరస్ ఉన్నప్పటికీ ఆ గడ్డి మీద నల్లి గుడ్లు పెట్టి పిల్లలను పెంచకపోతే, ఆ వైరస్ అక్కడి నుంచి బయటకు పోయే దారి లేదు. అలాగే నల్లి బాగా పెరిగే గడ్డి అయినా వైరస్ సోకనిదైతే, అక్కడి నుంచి వచ్చే నల్లులు రోగం తేవు. జాబితాలో ఉన్న గడ్డికీ పొలంలో ప్రమాదకరమైన గడ్డికీ తేడా ఇక్కడే వస్తుంది.

ఈ కొలతతో చూస్తే వాలంటీర్ గోధుమకు సాటి వచ్చే మొక్క మరొకటి లేదు. అందులోనూ కోతకు ముందు మొలిచినది అన్నింటికన్నా ప్రమాదకరం. గోధుమ పండే దశలో వడగళ్ల వాన కురిస్తే గింజలు నేల రాలి, పాత పంట ఇంకా పూర్తిగా ఎండకముందే మొలకెత్తుతాయి. పైన వెన్నుల్లో నల్లులు, కింద లేత మొలకలు. ఒకదాని మీది నుంచి మరొకదాని మీదికి దిగడానికి గాలి కూడా అక్కరలేదు. కోత యంత్రం వెనుక రాలిన గింజలు కోత తర్వాత కురిసిన వానలకు మొలిస్తే ముప్పు కొంత తక్కువే, కానీ ఆగస్టు అంతా వానలు పడి ఆ మొక్కలు దట్టంగా పెరిగితే ఆ తేడా చెరిగిపోతుంది. అందుకే వేసవిలో ఏ పొలం మీద వడగళ్లు పడ్డాయో తారీకుతో సహా మీ పుస్తకంలో రాసుకోమని నా సలహా. వచ్చే ఏప్రిల్‌లో తెగులు ఎక్కడ మొదలవుతుందో ఆ రాతే చెబుతుంది.

2016 వేసవి చివర, శరత్కాలంలో జరిగినది ఇదే. వానలు కురిశాయి, శరత్కాలం చాలా రోజులు వెచ్చగా సాగింది, గోధుమ ధర బాగా పడిపోయి ఉండడంతో కోత అయిన పొలం మీద మళ్లీ మందు ఖర్చు పెట్టడానికి చాలామంది వెనకాడారు. 2017 పంటలో కాన్సస్ రాష్ట్రం ఈ వైరస్‌ల వల్ల 7 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది; ఎక్కువ భాగం పశ్చిమ జిల్లాలదే. శరత్కాలంలో చిన్న మొక్కగా ఉన్నప్పుడే సోకితే పొలం మొత్తం కోతకు పనికిరాకుండా పోవచ్చు, అదే వసంతంలో ఆలస్యంగా సోకితే నష్టం ఓర్చుకోదగినంతే ఉంటుంది. కాబట్టి మీ పని అంతా విత్తనం వేయకముందే ఉంది. మార్చిలో చారలు కనిపించాక చేయగలిగింది ఏమీ లేదు. ఈ నల్లి ఆకు చుట్టలో దాక్కుంటుంది కాబట్టి పైరు మీద నల్లి మందు కొట్టి నియంత్రించడం సాధ్యపడలేదు, ఎవరైనా అలాంటి మందు అమ్మజూపితే మర్యాదగా వద్దని చెప్పండి.

ఇక కలుపు గడ్డి జాతుల విషయానికి వస్తే, నేను మొదట చూసేది జాయింటెడ్ గోట్‌గ్రాస్. ఇది గోధుమకు దగ్గరి చుట్టం, గోధుమలోని మూడు జన్యు సముదాయాల్లో ఒకటి దీనిలోనూ ఉంది. దీని మీద నల్లీ పెరుగుతుంది, వైరసూ సోకుతుంది. పైగా చుట్టరికం వల్ల దీన్ని గోధుమ పైరులో మందుతో వేరు చేసి చంపడం కష్టం. డౌనీ బ్రోమ్, జపనీస్ బ్రోమ్ వంటివి కూడా గోధుమలాగే శరత్కాలంలో మొలిచి జూన్‌లో ఎండిపోతాయి. అవి వైరస్‌కు ఆశ్రయమిచ్చినా, అసలు ప్రమాదకరమైన జూలై, ఆగస్టు నెలల్లో పచ్చగా ఉండవు కాబట్టి, వాటిని కలుపుగా ద్వేషించడానికి వేరే కారణాలు చాలినన్ని ఉన్నప్పటికీ, వైరస్ నేరం వాటి మీద పూర్తిగా మోపడం సరికాదు.

వేసవి గడ్డి జాతులది దీనికి తలకిందుల కథ. మన కొర్రకు అడవి పూర్వీకురాలైన గ్రీన్ ఫాక్స్‌టెయిల్, ఊద గడ్డి, శాండ్‌బర్ అనే ముళ్ల కాయల గడ్డి, క్రాబ్‌గ్రాస్ ఇవన్నీ ఆగస్టులో పచ్చగా ఉంటాయి, వైరస్‌లూ సోకవచ్చు. అయితే వాటి మీద నల్లి సంతానం సాధారణంగా గోధుమ మీద పెరిగినంత జోరుగా పెరగదు. పక్కన వాలంటీర్ గోధుమ ఉన్నప్పుడు వీటి పాత్ర చిన్నదే. వాలంటీర్ గోధుమను పూర్తిగా చంపి, ఈ గడ్డిని మాత్రం పొలం నిండా పెరగనిస్తే, అప్పుడు నల్లికి తలదాచుకునే చోటు మళ్లీ దొరికినట్టే. అందువల్ల పడావు పొలంలో ఈ గడ్డిని కూడా అదే దుక్కిలోనో, అదే మందులోనో పోగొట్టడం మంచిది. దాని కోసం విడిగా ఖర్చు పెట్టమని నేను చెప్పను.

మొక్కజొన్నను మర్చిపోవద్దు. అది కూడా గడ్డి కుటుంబమే. నీటి వసతి ఉన్న పొలాల్లో సెప్టెంబరు వరకు పచ్చగా నిలుస్తుంది. నల్లి దాని కండెల పొట్టులో చేరుతుంది. మొక్కజొన్న పక్కనే గోధుమను తొందరపడి విత్తితే, మొక్కజొన్న ఎండే వారం, గోధుమ మొలిచే వారం ఒకటే అవుతాయి. అటువంటి చేలలో గోధుమను చివరగా విత్తడమే మార్గం. అదే కారణం చేత పశువుల మేత కోసం వేసిన కొర్ర చేల దగ్గర కూడా జాగ్రత్త అవసరం.

రోడ్డు వారలు, పచ్చిక బయళ్లు, ప్రభుత్వ పథకం కింద సాగు మాన్పించి ఎన్నో ఏళ్లుగా గడ్డికి వదిలిన భూముల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. వాటిని వదిలేయండి. అక్కడి ప్రెయరీ అనే సహజ గడ్డి మైదానాల బహువార్షిక గడ్డి జాతుల్లో చాలా వాటి మీద ఈ నల్లి, ఈ వైరస్‌లు రెండూ కలిసి వర్ధిల్లవు. గోధుమలో వచ్చే తెగులు ఉధృతికి అవి కారణమన్న ఆధారం బలహీనం. ఆ నేలను మందుతో బోడి చేస్తే నేల కోత, గాలి దుమ్ము తప్ప దక్కేది లేదు, పైగా ఆ ఖాళీలో మొలిచేది ఫాక్స్‌టెయిల్, శాండ్‌బర్ వంటి వార్షిక కలుపే. అంటే లేని సమస్యను చేతులారా తెచ్చుకోవడమే.

చంపే పద్ధతిలో తరచు జరిగే పొరపాటు సమయానికి సంబంధించినది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టిన రోజే మొక్క చనిపోదు; అది పసుపు పచ్చబడి పూర్తిగా ఎండడానికి వారం పది రోజులు, నేల పొడిగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ రోజులన్నీ నల్లి దాని మీద బతికే ఉంటుంది. అంతేకాదు, మొక్క ఎండే కొద్దీ నల్లులు కొనలకు చేరి గాలిలోకి ఎగరడం మొదలవుతుంది. సరిగ్గా ఆ సమయంలో పక్క పొలంలో కొత్త గోధుమ మొలుస్తూ ఉంటే, మందు కొట్టకుండా ఉన్నా అంత హాని జరిగేది కాదేమో అనిపించేంత పని అవుతుంది. అందుకే విత్తడానికి కనీసం రెండు వారాల ముందే వాలంటీర్ గోధుమ, గడ్డి పూర్తిగా చనిపోయి ఉండాలని, మీ పొలం చుట్టూ కనీసం అర మైలు దూరం వరకు ఇది జరగాలని అక్కడ సిఫారసు చేస్తారు. మందు కొట్టిన తేదీ కాదు, మొక్క ఎండిన తేదీ నుంచి లెక్క పెట్టండి. దుక్కి చేస్తే కూడా వేర్లు మట్టి పట్టుకుని మళ్లీ చిగురించిన మొక్కలుంటాయి. పది రోజుల తర్వాత పొలంలో నడిచి చూడకుండా పని అయిపోయిందనుకోవద్దు.

అర మైలు అంటే అది పొరుగువాడి పొలం. ఈ తెగులులో అన్నింటికన్నా కష్టమైన భాగం ఇదేనని చాలామంది ఒప్పుకుంటారు. పశువులున్న రైతు వాలంటీర్ గోధుమను ఉచితంగా దొరికిన మేతగా చూస్తాడు, చంపమంటే ఒప్పుకోడు. అటువంటి చోట మేపు ఏ తేదీన ఆపుతాడో ముందే మాట్లాడుకుని, ఆ తేదీకి మూడు వారాల తర్వాత మీ విత్తనం పడేలా చూసుకోవడం తగవు పెట్టుకోవడం కన్నా మేలు. ఆలస్యంగా విత్తడం వల్ల ఉపయోగం రెండు విధాలు: మొలిచే మొక్కకూ ఎండే మొక్కకూ మధ్య దూరం పెరుగుతుంది, చలి వచ్చి నల్లి సంతానం మందగిస్తుంది.

రకాల ఎంపిక గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ గడ్డి పాత్ర మరో వైపు నుంచి కనిపిస్తుంది. వీట్ స్ట్రీక్ మొజాయిక్‌ను తట్టుకునే డబ్ల్యుఎస్‌ఎమ్1, డబ్ల్యుఎస్‌ఎమ్3 అనే జన్యువులు గోధుమలోకి ఇంటర్మీడియట్ వీట్‌గ్రాస్ అనే బహువార్షిక గడ్డి నుంచి వచ్చాయి. నెబ్రాస్కాలో రూపొందించిన మేస్ రకంలో ఉన్నది వీటిలో మొదటిది. రాన్‌ఎల్, స్నోమాస్, జో వంటి రకాల్లో ఉన్నది డబ్ల్యుఎస్‌ఎమ్2. ఈ జన్యువులు చల్లని వాతావరణంలో బాగా పనిచేస్తాయి, ఉష్ణోగ్రత పెరిగితే పట్టు సడలుతుంది. అంటే నిరోధక రకం వేశామన్న ధైర్యంతో సెప్టెంబరు మొదట్లో వెచ్చని నేలలో విత్తితే ఆ రకం మీకు తోడు రాదు. ట్రిటికమ్ మొజాయిక్ వైరస్ 2006లో మొదట పట్టుబడింది రాన్‌ఎల్ మీదనే అన్న సంగతి కూడా గుర్తుంచుకోదగినది. నల్లినే అడ్డుకునే రకాలకూ ఇదే అనుభవం ఎదురైంది. టెక్సస్‌లో 1984లో విడుదలైన టామ్ 107 రకంలో రై అనే ధాన్యపు పంట నుంచి వచ్చిన నిరోధకత పశ్చిమ కాన్సస్‌ను కొన్నేళ్లు బాగా కాపాడింది; ఆ రకం విస్తారంగా సాగైన ఫలితంగా దాన్ని లెక్కచేయని నల్లి జనాభా తయారైంది.

ఇంతవరకు చెప్పినది నల్లి మోసే వైరస్‌ల గురించి మాత్రమే. బార్లీ ఎల్లో డ్వార్ఫ్ అనే పసుపు గిడస తెగులుకు ఈ లెక్క వర్తించదు. 1951లో కాలిఫోర్నియాలో వర్ణించిన ఈ తెగులును పేనుబంక మోస్తుంది. దాని వైరస్‌లకు నూరుకు పైగా గడ్డి జాతులు ఆశ్రయమిస్తాయి, వాటిలో చాలా వాటిపై ఏ లక్షణమూ కనిపించదు, పేనుబంక రెక్కలతో ఎగిరి ఎంతో దూరం నుంచి రాగలదు. ఇక్కడ బహువార్షిక గడ్డి నిజంగానే వైరస్‌కు ఏళ్ల తరబడి నిలయం. అయినా దాన్ని చంపడం పరిష్కారం కాదు, ఎందుకంటే అంత గడ్డిని ఎవరూ చంపలేరు. కాలిఫోర్నియాలో దీనికి సంబంధించి ఆసక్తికరమైన విషయం ఒకటి వెలుగులోకి వచ్చింది: బయటి నుంచి వచ్చిన అడవి ఓట్స్ వంటి వార్షిక గడ్డి పేనుబంకను విపరీతంగా పెంచి, అక్కడి స్థానిక బహువార్షిక గడ్డికి వైరస్‌ను ఎక్కువగా అంటించింది. అంటే పొలం మాత్రమే గడ్డి వల్ల నష్టపోవడం కాదు, గడ్డి కూడా గడ్డి వల్ల నష్టపోతుంది. ఈ తెగులుకు మీ దగ్గర ఉన్న సాధనాలు విత్తే తేదీని వెనక్కు జరపడం, తట్టుకునే రకం ఎంచుకోవడం, పేనుబంక ఉధృతంగా ఉండే చోట విత్తన శుద్ధి. పై ఆకు కొన నుంచి కిందికి పసుపు లేదా ఊదా రంగు దిగుతూ, చారలు లేకుండా, మొక్కలు పొలంలో అక్కడక్కడ గుంపులుగా గిడసబారితే దీన్ని అనుమానించండి. నల్లి తెగులు అలా ఉండదు. అది వాలంటీర్ గోధుమ ఉన్న వైపు పొలం అంచున ఎక్కువగా మొదలై లోపలికి పోయే కొద్దీ పలచబడుతుంది.

నేల ద్వారా వచ్చే సాయిల్‌బోర్న్ మొజాయిక్‌కు గడ్డి నిర్మూలనతో సంబంధమే లేదు. దాన్ని మోసే పాలిమిక్సా గ్రామినిస్ అనే సూక్ష్మజీవి విశ్రాంతి బీజాలుగా నేలలో ఎన్నో ఏళ్లు నిలుస్తుంది. నిరోధక రకం వేయడం ఒకటే దారి. కాన్సస్‌లో అది మధ్య, తూర్పు ప్రాంతాల సమస్య కాబట్టి మీకు అంతగా తగలదు.

కానీ అదే పాలిమిక్సా పేరు విన్నప్పుడు మీరు మన ఊళ్ల వైపు చూడాలి. వయ్యారిభామ పోలిక కన్నా గోధుమ విషయానికి దగ్గరగా ఉన్న పోలిక అది. అనంతపురంలో 2000లో వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు తెగులులో టొబాకో స్ట్రీక్ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, ఆ పుప్పొడిని తామరపురుగులు మోసుకుపోయి, ఆకును గీరినప్పుడు లోపలికి ప్రవేశించింది. అందుకే పూతకు ముందు వయ్యారిభామను పీకితే ఫలితం ఉంటుంది. ఆ తెగులులో జొన్న, సజ్జ వంటి గడ్డి కుటుంబపు పంటలను చేను చుట్టూ వరుసలుగా వేయమన్నారు. అవి గాలిలో వచ్చే తామరపురుగులకు అడ్డుగోడ. అక్కడ గడ్డి కాపలాదారు, నేరస్తుడు కాదు.

వేరుశనగలో గుబురు తెగులు మాత్రం అచ్చంగా గడ్డి జాతుల మీద ఆధారపడినది. ఇండియన్ పీనట్ క్లంప్ వైరస్ వల్ల వచ్చే ఈ తెగులుపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి గారి బృందం 1980ల నుంచి చేసిన పని గోధుమకు కూడా నేరుగా సంబంధించినది. ఈ వైరస్‌ను నేలలో మోసేది పాలిమిక్సాయే, అయితే దానికి వేరుశనగ మంచి ఆశ్రయం కాదు. అది వృద్ధి చెందేది సజ్జ, జొన్న, రాగి, మొక్కజొన్న, గోధుమ వంటి గడ్డి కుటుంబపు మొక్కల వేళ్లలో. వేరుశనగ మొక్క తెగులుతో గిడసబారి ముదురు ఆకుపచ్చగా కుచించుకుపోతుంటే, పక్కనే ఉన్న సజ్జ ఏమీ జరగనట్టు పెరుగుతూ నేలలో తెగులును నిలబెడుతుంది. గోధుమ మాత్రం ఏమీ జరగనట్టు ఉండదు. హైదరాబాద్ రకం వైరస్ తొలిదశలో సోకిన గోధుమ మొక్కలు గిడసబారి చాలా వరకు చనిపోతాయి. ఈ వైరస్ విత్తనం ద్వారా కూడా వస్తుంది: గోధుమలో 0.5 నుంచి 1.3 శాతం, సజ్జలో 0.9, రాగిలో 5.2, కొర్రలో 9.7 శాతం. తెలుగు రాష్ట్రాల్లో గోధుమ సాగు నామమాత్రమే కాబట్టి ఈ తెగులు మనకు వేరుశనగ సమస్యగానే తెలుసు. రాజస్థాన్‌లో వానాకాలపు వేరుశనగ తర్వాత అదే నేలలో గోధుమ, బార్లీ వేసే చోట అది రెండు పంటల సమస్య.

అక్కడ చేయదగినది కాన్సస్ పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం కావడం గమనించండి. పాలిమిక్సా నేల వెచ్చగా, దాదాపు 23 డిగ్రీలు దాటి, తడిగా ఉన్నప్పుడే వేళ్లకు సోకుతుంది, కాబట్టి నేల చల్లబడ్డాక విత్తిన గోధుమ చాలా వరకు తప్పించుకుంటుంది. వేరుశనగకు ముందు తొలకరిలో సజ్జను ఎరగా దట్టంగా చల్లి, నేలలోని బీజాలు మొలకెత్తి దాని వేళ్లలో చేరాక, అవి మళ్లీ విశ్రాంతి బీజాలుగా మారకముందే, అంటే రెండు మూడు వారాల్లో, దున్నివేస్తే తెగులు తగ్గుతుంది. ఒక చోట గడ్డి మొక్కను మొలవకుండా చేయాలి, మరో చోట కావాలని మొలిపించి సమయానికి చంపాలి. రెండు చోట్లా తేదీ తప్పితే లాభం నష్టంగా మారుతుంది.

మీ పొలంలో ఏప్రిల్‌లో చారలు కనిపిస్తే కంటితో తీర్పు చెప్పకండి. గాలిలో కొట్టుకొచ్చిన కలుపు మందు, గంధకం లోపం, మంచు దెబ్బ కూడా పసుపు చారలు వేస్తాయి. వేళ్లతో సహా పది పన్నెండు మొక్కలను, లక్షణాలున్నవి కొన్ని, అంచున లేతగా కనిపించేవి కొన్ని తీసి, వేళ్లకు మాత్రం తడి కాగితం చుట్టి, ఆకులను పొడిగా ఉంచి, మ్యాన్‌హట్టన్‌లోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ తెగుళ్ల నిర్ధారణ ప్రయోగశాలకు వారం మొదట్లో పంపండి. శుక్రవారం పంపిన పచ్చి మొక్కలు పెట్టెలోనే కుళ్లిపోతాయి. పొలం గుర్తుతో పాటు గత వేసవిలో ఆ చుట్టుపక్కల వాలంటీర్ గోధుమ ఏ వైపు ఉన్నదో, వడగళ్లు ఎప్పుడు పడ్డాయో కూడా మొక్కలతో పంపే చీటీలో రాయండి. నల్లి మోసే మూడు వైరస్‌లకూ విడివిడిగా పరీక్ష చేయమని అడగండి, ఎందుకంటే వచ్చే ఏడాది మీరు ఎంచుకోవలసిన రకం అందులో ఏది దొరికిందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.